తెగిన పోగులు ఎన్ని?

అడవిలో పొద్దు వాలుతున్నది. చేతిలో ఉన్నవి రెండు చెడిన టైర్లు. వాటిలో ఏది నమ్మవచ్చునో తేల్చవలసినవాడు జీవితమంతా మగ్గం ముందు గడిపిన మనిషి.

పామేమో అనుకున్నాను. ఎండుటాకుల మధ్య ఏదో బుస కొట్టిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే మా వెనుక వస్తున్న బండి ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. దిగి వెళ్లి చూస్తే పాము లేదు. వెనుక ఎడమ చక్రం టైరు పక్కగోడలో అంగుళం పొడుగున ఒక కోత పడి ఉన్నది. గాలి అందులోనుంచే బుసకొడుతూ వెళ్లిపోతున్నది. చక్రానికి జానెడు దూరంలో, ఎండుగడ్డిలో దాగి, ఒక వెదురు మొడుము నిలబడి ఉన్నది. కత్తితో వాలుగా నరికినందువల్ల దాని కొస ఈటె మొనలాగా తయారయింది. ఎండిన వెదురు అంచు ఎంత పదునుగా ఉంటుందో పల్లెలో పుట్టినవారికి చెప్పనక్కరలేదు.

జనవరి నెల, మధ్యాహ్నం మూడు దాటింది. మేమున్నది గుజరాత్ దక్షిణ భాగాన, డాంగ్ జిల్లాలో, పూర్ణా నది ఒడ్డున, మహాల్ అనే ఊరికి కొంచెం ఇవతల. మా రెండు బండ్లలోనూ కలిసి అయిదుగురం. ముందున్న పాత జీపులో మా మేనమామ, నేను. వెనుక బండి మా బామ్మర్దిది. అది కొత్తది, కొండదారుల కోసమే కొన్నది. అందులో అతని భార్య, ఏడేళ్ల కూతురు ఉన్నారు.

"స్టెప్నీ తియ్యి" అనబోయి నాలుక కరుచుకున్నాను. స్టెప్నీ ఉదయమే అయిపోయింది.

మామయ్యది సిరిసిల్ల ప్రాంతం. 1972లో, పద్దెనిమిదేళ్ల వయసులో, పనికోసం సూరత్ వచ్చాడు. తెలంగాణ పద్మశాలీలు షోలాపూర్, భివండీ, ముంబయి, సూరత్ నగరాలకు మగ్గాలను వెతుక్కుంటూ వెళ్లిన కథ పాఠకులకు తెలిసిందే. సూరత్‌లో ఉధనా, లింబాయత్ వైపు వెళితే పవర్‌లూముల దడదడల మధ్య తెలుగు మాటలు వినిపిస్తాయి. అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో కూడా ప్రాథమిక పాఠశాలలు నడుపుతున్నదంటే మనవారు ఎంతమంది అక్కడ స్థిరపడ్డారో ఊహించుకోవచ్చు. మామయ్య కూలికి నేసి, తరువాత మేస్త్రీ అయి, చివరకు ఎనిమిది మగ్గాలకు యజమాని అయ్యాడు. వ్యసనం అనదగినది ఆయనకు ఒక్కటే ఉన్నది: ఆ జీపు. ఏటా చలికాలంలో ఒకసారి దానిని బార్డోలీ, వ్యారాల మీదుగా డాంగ్ కొండలలోకి నడిపించుకుపోతాడు. ఆ సంవత్సరం నేను అనువాదం పని మీద సూరత్ వెళ్లి ఆయన ఇంట్లో దిగినందువల్ల నన్నుకూడా ఎక్కించుకున్నాడు.

ఉదయం జరిగినది ఇది. వ్యారా దాటిన తరువాత తారురోడ్డు మీద బామ్మర్ది బండి ముందు కుడి చక్రంలో ఒక బోల్టు దిగింది. ఏ ట్రాక్టరు ట్రాలీ నుంచి రాలినదో మరి. మేము ముందు వెళుతున్నాము. వెనుక అద్దాలు బిగించి, పాటలు పెట్టుకుని వస్తున్న వారికి చక్రం చప్పబడిన సంగతి వెంటనే తెలియలేదు. స్టీరింగు ఒక పక్కకు లాగుతున్నదని గ్రహించి ఆపేసరికి రెండు కిలోమీటర్లు నడిచింది. స్టెప్నీ బిగించి, బోల్టు దిగిన చక్రాన్ని వెనుక పడవేసుకుని, "సూరత్ వెళ్లాక చూసుకుందాం" అన్నాడు బామ్మర్ది. మామయ్య ఏదో అనబోయాడు గాని, మనవరాలు తొందరపెడుతున్నది.

స్టెప్నీ అనే మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. తొలినాటి మోటారు కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. పంక్చరైతే రోడ్డు పక్కనే కూర్చుని టైరు విప్పి, అతికి, మళ్లీ ఎక్కించవలసిందే. 1904లో వేల్స్ దేశంలోని లానెల్లీ పట్టణంలో డేవీస్ సోదరులు అనేవారు ఆకులులేని ఒక రిమ్ముకు గాలి నింపిన టైరు తొడిగి, దానిని చెడిన చక్రం పక్కనే బిగించుకునే ఏర్పాటు కనిపెట్టారు. వారి దుకాణం ఉన్నది స్టెప్నీ వీధిలో. ఆ వీధి పేరే సరుకు పేరయింది. బ్రిటన్‌లో ఆ మాటను జనం మరిచిపోయారు. మన దేశంలో మటుకు మారుమూల పల్లెటూరి లారీ క్లీనరు కూడా ఈనాటికీ స్టెప్నీ అనే అంటాడు. ఒక వేల్స్ వీధి పేరు ఇంతమంది నోళ్లలో నానుతున్నదని ఆ ఊరివారికి తెలుసునో లేదో!

ఇక వెదురు మొడుము దగ్గరకు వద్దాము. దానిని తిట్టుకోవడం న్యాయం కాదు. తప్పు మాదే. అంతకుముందు ఒక గంటసేపు నది ఇసుకలో నడిచాము. ఇసుకలో దిగబడకుండా ఉండాలంటే టైర్లలో గాలి తగ్గించాలి. గాలి తగ్గితే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది, బరువు ఎక్కువ జాగాలో పడుతుంది, చక్రం కూరుకుపోదు. ఒంటె పాదం పనిచేసేదీ ఇదే సూత్రం మీద. రాల్ఫ్ బాగ్నాల్డ్ అనే ఆంగ్ల సైనికాధికారి 1920లలోనూ 1930లలోనూ ఫోర్డు కార్లు వేసుకుని లిబియా ఎడారిని దాటినది ఈ ఉపాయంతోనే. బామ్మర్ది కూడా పద్ధతి ప్రకారం 30 పౌన్ల గాలిని 18కి దించాడు. ఇసుక సులభంగా దాటాడు. కాని గట్టు ఎక్కి వెదురు తోపులో ప్రవేశించినప్పుడు మళ్లీ గాలి నింపలేదు. గాలి తక్కువగా ఉన్న టైరు పక్కగోడ బయటకు ఉబ్బి, తొక్కుడుభాగంకంటె ముందుకు పొడుచుకువస్తుంది. మామూలు ఒత్తిడిలో ఉంటే రాసుకుని తప్పుకునే మొడుము, ఉబ్బిన పొట్టను చీల్చింది.

అక్కడ సెల్‌ఫోనుకు సంకేతం అందదు. దగ్గరి గూడెం నాలుగు కిలోమీటర్లు. ఆరు దాటితే సూర్యుడు ఉండడు. డాంగ్ అడవులలో చిరుతపులులు ఉన్నాయి. జీపుకు దాని స్టెప్నీ ఉన్నది గాని, బోల్టు రంధ్రాల వరస వేరు, కొలత వేరు. ఆ బండికి ఎక్కదు. మిగిలిన మార్గం బండిని అక్కడే వదలి అయిదుగురమూ జీపులో ఇరుక్కుని వెళ్లిపోవడం. కొత్త బండిని అడవిలో వదలడానికి బామ్మర్దికి మనసొప్పలేదు.

"అయిదు నిమిషాలు, బావా" అన్నాడు నాతో. ట్యూబులేని టైర్లకు వాడే పంక్చరు పెట్టె తీశాడు. జిగురు పట్టించిన రబ్బరు పురిని సూదికి ఎక్కించి, రంధ్రంలోకి పొడిచి, సూది లాగివేస్తే పురి లోపలే ఉండి గాలిని ఆపుతుంది. ఇది మంచి ఉపాయమే. తొక్కుడుభాగంలో మేకు దిగినప్పుడు నిమిషాలలో పని తీరుతుంది. ఎందుకంటే అక్కడ రబ్బరు మందం, దాని కింద ఉక్కుతీగల పట్టీలు ఉంటాయి, ఆ భాగం అట్టే వంగదు. బామ్మర్ది పక్కగోడ కోతలోకి అటువంటి పురులు మూడు వరసగా కుక్కాడు. బ్యాటరీకి తగిలించే చిన్న పంపుతో గాలి పట్టాడు. బుస ఆగిపోయింది.

"చూడు బాపూ, నిల్చింది!" అన్నాడు.

మామయ్య వంగి, ఆ చోటు మీద అరచేయి పెట్టాడు. కోత పక్కన రేగుపండంత బుడిపె లేచి ఉన్నది. "గాలి నిల్సుడు వేరు, బరువు ఆపుడు వేరురా" అన్నాడు. "పైన కనపడేది రబ్బరు. లోపల ఉన్నది బట్ట. బట్ట ఎట్లున్నదో చూడక రబ్బరును ఏం నమ్ముతవు?"

టైరును రబ్బరు వస్తువుగానే మనం చూస్తాము. నిజానికి అది నూలుతో మొదలైన వస్తువు. 1888లో బెల్‌ఫాస్ట్ నగరంలో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువైద్యుడు తన కొడుకు మూడుచక్రాల సైకిలుకు గాలి టైరు చేసినప్పుడు, రబ్బరు గొట్టం చుట్టూ నారబట్ట చుట్టి బిగించాడు. బెల్‌ఫాస్ట్ నారబట్టలకు పెట్టింది పేరు. రబ్బరు సాగుతుంది, దానిని వదిలేస్తే గాలికి బెలూనులాగా ఉబ్బి పగిలిపోతుంది. సాగకుండా పట్టి ఉంచేది బట్టే. మొదట్లో మామూలు గుడ్డలాగా పడుగూ పేకా సమానంగా నేసిన నూలుబట్ట వాడేవారు. చక్రం తిరిగినకొద్దీ పడుగు పోగులూ పేక పోగులూ ఒకదానినొకటి కోసుకుని, బట్ట లోలోపలే అరిగిపోయేది. అందుచేత తరువాతివారు పేకను దాదాపు తీసివేశారు. ఈనాటి టైరు బట్టలో అంతా పడుగే. పురిపెట్టిన గట్టి తాళ్లు పక్కపక్కనే నిలుస్తాయి. రబ్బరు పూతకు వెళ్లేదాకా అవి చెదరకుండా అక్కడక్కడ సన్నని పేకపోగు ఉంటుంది, అంతే. నూలు పోయి రేయాన్, ఆ తరువాత నైలాన్, పాలిస్టరు వచ్చాయి. సూరత్ మగ్గాల మీద చీరలుగా మారే పాలిస్టరు, కార్ల టైర్ల పక్కగోడలలో ఉండే పాలిస్టరు ఒకే జాతివి. టైరులోనిది అంతకంటె ఎన్నో రెట్లు బలమైనది, అంతే తేడా.

అందుకే టైరును చూసినప్పుడు మా మామయ్యకు కనిపించేది మనకు కనిపించేది కాదు.

నాకు ఒక ఆలోచన వచ్చింది. "మామా, పొద్దున చెడిన చక్రం ఉన్నది కదా. అందులో పడింది బోల్టు రంధ్రమే. అదీ తొక్కుడుభాగంలోనే. దానికి పురి వేసి ఎక్కించేద్దాం" అన్నాను. ఎవరికైనా తోచే సలహా అదే. ఒకటి నడినెత్తిన చిన్న రంధ్రం ఉన్న టైరు, రెండవది పక్కటెముకలో కోత పడిన టైరు. దేనిని ఎంచుకోవాలో అడగనేల?

"మంచిమాటే అల్లుడా. ముందు విప్పి చూద్దాం" అన్నాడాయన.

షాపులో యంత్రం చేసే పనిని అడవిలో చేయాలంటే మొదటి కష్టం టైరు అంచును రిమ్ము నుంచి ఊడదీయడం. ట్యూబులేని టైర్లలో ఆ అంచు రిమ్ముకు కరుచుకుని ఉంటుంది. లివర్లు పెట్టి ఎంత పొడిచినా కదలదు. మామయ్య చక్రాన్ని నేలమీద పడుకోబెట్టి, వాల్వులోని పిన్ను తీసి మిగిలిన గాలినంతా వదిలాడు. తరువాత నన్ను దూరంగా నిలబెట్టి, జీపు ముందుచక్రాన్ని నెమ్మదిగా ఆ టైరు మీదికి, రిమ్ముకు తగలకుండా దాని పక్కనే, ఎక్కించాడు. జీపు బరువుకు టప్‌మని అంచు ఊడింది. చక్రాన్ని తిరగవేసి రెండవ వైపు కూడా అలాగే చేశాడు. మా చెల్లెలు కూతురి స్నానపు సబ్బు అడిగి పుచ్చుకుని నీళ్లలో కలిపి అంచుల మీద పోసింది. లివర్లతో టైరు అంచును ఎక్కడో ఒకచోట పైకి లాగుతూ ఉంటే ఎదుటి అంచు బిగుసుకుంటుంది. ఆ ఎదుటి అంచును కాలితో రిమ్ము మధ్య గుంటలోకి తొక్కిపెడితే ఇటువైపు వదులు దొరుకుతుంది. ఈ ఒక్క రహస్యం తెలియక ఎంతోమంది లివర్లు వంచుకుని, వేళ్లు చితుకగొట్టుకుంటారు. నేను ఆనాడు నేర్చుకున్నది ముఖ్యంగా ఇదే.

టైరు విప్పగానే లోపలినుంచి నల్లని పొడి రాలింది. కాఫీగింజలు విసిరినప్పుడు రాలే పొడిలాగా ఉన్నది. మామయ్య టార్చి వేశాడు. లోపలి గోడ చుట్టూ, గీత గీసినట్టుగా, రబ్బరు అరిగిపోయి పోగులు పీచులాగా లేచి ఉన్నాయి. ఒకచోట కాదు, చుట్టూతా! గాలి లేకుండా నడిచిన రెండు కిలోమీటర్లలో, రిమ్ముకూ రోడ్డుకూ మధ్య పక్కగోడ మడతపడి, చక్రం తిరిగిన ప్రతిసారీ నలిగి, కాగి, లోపలే చివికిపోయింది. బయటినుంచి చూస్తే నిక్షేపంలాగా ఉన్నది. రంధ్రానికి పురి వేసి గాలి కొడితే నిలిచేదే. ఏ మలుపులోనో ఒక్కసారిగా పేలి ఉండేది.

బామ్మర్ది ఏమీ అనలేదు. తానే రెండవ చక్రం విప్పడానికి జాకీ తెచ్చాడు.

నాలుగున్నర అయింది. రెండవ టైరు కూడా విప్పి, కుక్కిన పురులు లాగివేసి, మామయ్య కోత అంచులను రెండు బొటనవేళ్లతో విడదీసి పట్టుకున్నాడు. "వెలుగు చూపు" అన్నాడు. కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని, ముఖం దానికి దాదాపు ఆనించి, చాలాసేపు చూశాడు. పడుగు తెగిన చోటును వెతికే నేతగాడు అట్లాగే చూస్తాడు. చిన్నప్పుడు మా తాతగారి మగ్గం దగ్గర ఆ చూపు ఎరుగుదును.

"మూడు" అన్నాడు చివరకు. "మూడే తెగినయి. కోత పోగుల వెంబడే పోయింది. పడుగు తెగలే అల్లుడా, చీలింది."

ఆ మాట అర్థం కావాలంటే ఈనాటి రేడియల్ టైరు పొందిక తెలియాలి. ఫ్రాన్సులో మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంటు తీసుకున్న పద్ధతి అది. పాత టైర్లలో పోగులు ఏటవాలుగా ఒకదానిమీద ఒకటి అల్లుకుని ఉండేవి. రేడియల్‌లో బండిచక్రం ఆకులలాగా, ఈ అంచు నుంచి ఆ అంచుదాకా నిటారుగా సాగుతాయి. పక్కగోడకు అడ్డంగా, అంటే చక్రం తిరిగే దిశలో, అంగుళం కోత పడితే పది ఇరవై పోగులు ఒక్క వేటుకు తెగిపోతాయి. అదే కోత రిమ్ము నుంచి నేలవైపుకు నిలువుగా పడితే పోగుల సందులోనుంచి వెళుతుంది. చీర నిలువునా చిరగడానికీ అడ్డంగా చిరగడానికీ తేడా ఉన్నట్టే ఇదీ. రెండింటికీ గాలి ఒకే విధంగా పోతుంది, పైకి గాయం ఒకే విధంగా కనిపిస్తుంది. బరువు మోసేటప్పుడే తేడా.

పక్కగోడ కోసుకున్న టైరును బాగుచేసి వాడరాదని టైర్ల కంపెనీలన్నీ చెబుతాయి. అది నిజమే, దానిని కాదనడానికి వీల్లేదు. మామయ్య కూడా కాదనలేదు. "ఇది ఇంటిదాక పోయేది గాదు. వ్యారా దాక పోతే చాలు" అన్నాడు.

ఆయన పనిముట్ల పెట్టెలో అడుగున, పాత బనీనులో చుట్టిన రెండు వస్తువులు ఉన్నాయి. ఒకటి కొత్త ట్యూబు. కొడుకు ఈ బండి కొన్ననాడే దాని చక్రం కొలతకు సరిపోయేది వెతికి తెచ్చాడట. "ట్యూబు లేని బండికి ట్యూబెందుకు బాపూ?" అని కొడుకు నవ్వాడట. రెండవది అరచేయంత గేటరు: పాత లారీ టైరు నుంచి కోసిన పలుచని ముక్క, అంచులు చెక్కి సన్నం చేసినది. చిరిగిన సంచికి లోపలినుంచి మాసిక వేసినట్టే, తెగిన చోట లోపలి వైపున దీనిని అతికితే పోయిన పోగుల పని అది చేస్తుంది. అంచులు చెక్కకపోతే మాత్రం ట్యూబును అదే కోసివేస్తుంది.

టైరు లోపలి గోడను ఆకురాయితో గరుకు పట్టించి, తుడిచి, గేటరుకూ గోడకూ సొల్యూషను పూశాడు. బామ్మర్ది వెంటనే అతకబోయాడు.

"ఆరనియ్యి."

"చీకటి పడుతోంది బాపూ."

"పడనియ్యి. తడిమీద పెడితే జారుతది."

దారిలో పంక్చరు వేసుకునేవారిలో ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. సొల్యూషను జిగురు కాదు. జిగురు తడిగా ఉండగా అతకాలి; ఇది ఆరిన తరువాత అతకాలి. అందులోని ద్రావకం గాలికి పోయి, వేలు పెడితే తడి అంటకుండా, కొద్దిగా పట్టుకున్నట్టు ఉన్నప్పుడు రెండు రబ్బరు ముఖాలూ ఒకటవుతాయి. ద్రావకం లోపల చిక్కుకుంటే అది బుడగై అతుకును లేపేస్తుంది. 1839లో చార్లెస్ గుడియర్ అనే అమెరికను రబ్బరులో గంధకం కలిపి వేడిచేస్తే అది ఎండకు కరగక, చలికి పెళుసుబారక గట్టిపడుతుందని కనుగొన్నాడు. పంక్చరు షాపులలో ముడిరబ్బరు ముక్క పెట్టి వేడి బిళ్లతో అదిమేటప్పుడు జరిగేది ఆ క్రియే. పొయ్యి లేని చోట అది అంతగా జరగదు గనుక, మనిషి తన వంతుగా చేయగలిగినది ఓపిక పట్టడమే.

1891లో మిషెలిన్ సోదరుల ఫ్యాక్టరీకి ఒక ఆంగ్లేయుడు చక్రానికి అంటించిన డన్‌లప్ టైరు పంక్చరై సైకిలుతో వచ్చాడని ఒక ప్రసిద్ధమైన కథ ఉన్నది. అతికించడానికి మూడు గంటలు, ఆరడానికి ఒక రాత్రి పట్టాయి. మరునాడు ఎడువార్ మిషెలిన్ దానిని ఎక్కి తొక్కితే కాసేపటికే మళ్లీ గాలి పోయింది. ఆ విసుగులోనుంచే రిమ్ము నుంచి ఊడదీయగల టైరు పుట్టింది. మరుసటి సంవత్సరం జరిపిన సైకిలు పందెంలో, టైరు మార్చడం ఎంత సులువో లోకానికి చూపడానికి దారిలో మేకులు చల్లించారట! వ్యాపారస్థుల ధైర్యం అంటే అదీ. ఆ పందెంలో పాల్గొన్నవారు ఏమనుకున్నారో చరిత్ర చెప్పదు.

మా గేటరు ఆరడానికి పది నిమిషాలు పట్టింది. అంత పొడుగైన పది నిమిషాలను నేను అరుదుగా చూశాను. నది అవతల కొండ నీడ మెల్లగా నీళ్లు దాటి మా వైపు వస్తున్నది. పాప మాత్రం ఒక రాయి మీద కూర్చుని, తాత పక్కన పెట్టిన మొదటి టైరులోని పీచును లాగి గుజరాతీలో లెక్కపెడుతున్నది.

గేటరును మధ్యనుంచి అంచులవైపుకు సుత్తెపిడితో నొక్కి నొక్కి అతికాడు. రిమ్ముకున్న రబ్బరు వాల్వును కత్తితో కోసివేసి, ఆ రంధ్రంలోనుంచి ట్యూబు వాల్వును దూర్చాడు. ట్యూబు ఎక్కించే ముందు టైరు లోపల చుట్టూతా వట్టి చేత్తో తడిమాడు. వెదురుపేడు ముక్క ఏదైనా మిగిలి ఉంటే కంటికి కనిపించకపోయినా చేతికి తగులుతుంది. నిజంగానే ఒకటి తగిలింది, గోరంత. అది ఉండిపోయి ఉంటే ఇంత శ్రమా వృథా అయ్యేది. ట్యూబు వేసి, లివర్లతో అంచును లోపలికి తోసి, కొంచెం గాలి కొట్టి, మళ్లీ అంతా వదిలివేశాడు. ట్యూబు మడతలు సర్దుకోవడానికట. రెండవసారి కొట్టి 25 పౌన్ల దగ్గర ఆపాడు. బుడిపె లేవలేదు.

"సరే, ఎక్కండి" అన్నాడు బామ్మర్ది.

"ఆగు" అన్నాడు మామయ్య. "పిల్లా, కోడలూ నా జీపుల వస్తరు. సామాను కూడ ఇందుల పెట్టు. నువ్వు ఒక్కనివే, ఖాళీ బండితోని, ఇరవై దాటకుండ రా. పది నిమిషాలకోసారి ఆగి చెయ్యి పెట్టి చూడు. కాగుతున్నదంటే ఆడనే ఆపు. వదిలిపెట్టి పోదాం. బండి రేపన్న దొరుకుతది."

కొడుకు ముఖంలో మొదటిసారి భయం కనిపించింది. అంతదాకా అతనికి అది ఒక సాహసం. తండ్రి భార్యాబిడ్డలను వేరు చేసిన క్షణాన గాని సంగతి అర్థం కాలేదనుకుంటాను. ఆ చక్రం వెనుకది కావడం కూడా కలిసివచ్చింది. ముందు చక్రం పేలితే స్టీరింగు ఒక పక్కకు లాగేస్తుంది. ముందుదైతే మామయ్య ముందు వెనుకలు మార్చి బిగించేదాకా కదలనిచ్చేవాడు కాడు.

ఆరింటికి బయలుదేరాము. ముందు ఖాళీ బండి, దాని వెనుక జీపు. జీపు దీపాల వెలుగు ఆ వెనుక ఎడమ చక్రం మీద పడేలాగా మామయ్య నడిపాడు. పాప నా ఒడిలో నిద్రపోయింది. అడవిదారి దాటి తారురోడ్డు ఎక్కినా వేగం పెరగలేదు. భెంస్‌కాత్రీ మీదుగా వస్తుంటే వెనుక వచ్చిన బస్సులూ లారీలూ హారన్లు మోగిస్తూ దాటిపోయాయి. ఆరేడుసార్లు ఆగాము. ప్రతిసారీ బామ్మర్ది దిగి పక్కగోడ మీద చేయిపెట్టి, మా వైపు తిరిగి తల ఊపేవాడు. ఆ ప్రయాణంలో ఎవరూ ఎక్కువగా మాట్లాడలేదు.

వ్యారా చేరేసరికి తొమ్మిది దాటింది. హైవే పక్కన ఒక పంక్చరు షాపులో ఇంకా దీపం వెలుగుతున్నది. యజమాని కేరళ మనిషి. ఆయన మలయాళపు గుజరాతీ, మామయ్య తెలంగాణ గుజరాతీ ఒకదానినొకటి బాగానే అర్థం చేసుకున్నాయి. షాపులో ఒక మూల కరెంటు వల్కనైజింగ్ యంత్రం ఉన్నది గాని, దాని పక్కనే పాతకాలపు సాధనం కూడా ఉన్నది. పాత ఇంజను పిస్టన్‌ను ఒక ఇనుపచట్రంలో బిగించి, దాని గుంటలో కొంచెం కిరసనాయిలు పోసి వెలిగిస్తారు. కింద ట్యూబు, ముడిరబ్బరు ముక్క. మంట ఆరేసరికి అతుకు ఉడుకుతుంది. కరెంటు పోయినప్పుడు ఇంకా అదే దిక్కని చెప్పాడాయన.

టైరు విప్పి, గేటరును వేలితో గీకి చూశాడు. అంచు ఎక్కడా లేవలేదు. "ఎవరు వేశారు?" అని అడిగాడు. మామయ్యను చూపించాము. "ఎక్కడ షాపు?" అన్నాడు.

"షాపు లేదు. మగ్గాలు" అన్నాడు మామయ్య.

అతను కాసేపు ఆలోచించి, టైరును మూలనున్న చెత్త టైర్ల కుప్ప మీద పడవేశాడు. ఇంకెవరూ వాడకుండా ఉండటానికి ముందు దాని పక్కగోడను కత్తితో అడ్డంగా పొడిచి మరీ పడవేశాడు. వాడిన టైరు ఒకటి బేరమాడి కొని బిగించుకున్నాము. బామ్మర్ది డబ్బు ఇస్తుండగా, మామయ్య కుళాయి దగ్గర కూర్చుని ఆ ట్యూబును కడుగుతున్నాడు. నీళ్లలో ముంచి, బుడగలు రావని చూసుకుని, తుడిచి, షాపువాడిని అడిగి గుప్పెడు పౌడరు తీసుకుని ట్యూబు అంతటా రాశాడు. మడతలు ఒకదానికొకటి అంటుకోకుండా చుట్టి, పాత బనీనులో కట్టాడు. తరువాత కొడుకును పిలిచి, ఆ మూటను తన పెట్టెలో కాక అతని బండిలో, సీటు కింద పెట్టించాడు.